ఎయిర్ రైఫిల్‌కి ఏ పెల్లెట్ డబ్బా కొనాలి?

పది మీటర్ల షూటింగ్ నేర్చుకునేవాళ్లకి వచ్చే తలనొప్పి ఇది: పెల్లెట్ (రైఫిల్‌లోంచి పేల్చే చిన్న సీసపు గుండు) తల సైజు 4.49, 4.50, 4.51 మి.మీ. అని రకరకాలుగా ఉంటుంది, మ్యాచ్ (పోటీ స్థాయి) డబ్బాలేమో ఖరీదు. ఏది తీసుకోవాలి?

క్లబ్బులో ఒక్కో రకం పెల్లెట్లు కొన్ని అడిగి తీసుకుని, కొనేముందే పోల్చుకోండి. రైఫిల్‌ని టేబుల్ మీద ఇసుక సంచీపై ఆనించండి. రకం మార్చినప్పుడల్లా ముందు ఓ పది పెల్లెట్లు ఊరికే కాల్చేయండి, బ్యారెల్ కొత్త సీసానికి అలవాటు పడాలి. తర్వాత కొత్త పేపర్ మీద ఐదేసి షాట్ల చొప్పున మూడు గ్రూపులు (ఒక్కో ఐదు షాట్లు ఒక గ్రూపు) కాల్చండి. సైట్ (గురి చూసే భాగం) మాత్రం ముట్టుకోవద్దు. గ్రూపు మధ్యలో పడకపోయినా ఫర్వాలేదు, అది తర్వాత సరిచేసుకోవచ్చు. మనం చూసేది గుత్తిగా పడ్డాయా లేదా అన్నదే. బాగా దూరంగా ఉన్న రెండు రంధ్రాల బయటి అంచుల మధ్య కాలిపర్‌తో కొలిచి, అందులోంచి పెల్లెట్ వెడల్పు 4.5 మి.మీ. తీసేయండి. మూడు గ్రూపుల సగటు ఏ రకానికి తక్కువో అదే మీ రైఫిల్‌కి సరిపోయేది. ఒక్క మంచి గ్రూపు చూసి మురిసిపోతే లాభం లేదు. ఖరీదైనదే గెలవాలనీ లేదు.

రైఫిల్ సిలిండర్‌లో గాలి బాగా తగ్గిపోయాక చేస్తే మాత్రం ఈ పోలిక చెల్లదు, వేగం పడిపోయి మంచి పెల్లెట్ కూడా చెదిరినట్టు కనిపిస్తుంది. నింపుకున్నాకే మొదలుపెట్టండి.