పాత ఫ్రాట్ హౌస్ బాగు చేయిస్తున్నారా? గోడలు అప్పుడే మూయించకండి

పోయిన నెల మా యూనివర్సిటీ టౌన్‌లో ఒక పాత ఫ్రాటర్నిటీ హౌస్‌లో (అమెరికా కాలేజీల్లో కుర్రాళ్ల సంఘం సభ్యులు కలిసి ఉండే ఇల్లు, పొట్టిగా ఫ్రాట్ హౌస్) రాత్రి 2 గంటలకు పొగ లేచింది. అద్దెకుంటున్న 11 మందిలో నలుగురు మన తెలుగు పిల్లలు. దేవుడి దయ వల్ల అందరూ చెప్పులు లేకుండానే మంచులోకి పరిగెత్తి బయటపడ్డారు. మర్నాడు వెళ్లి చూశాను. మంట పుట్టింది బేస్‌మెంట్ గోడలో, కాలిపోయింది అటక. మధ్యలో ఉన్న రెండంతస్తుల్లో గోడల రంగు కూడా చెదరలేదు. ఆ ఇంటిని బాగు చేయించి రెండేళ్లే అయింది.

అమెరికాలో ఇరవై ఏళ్లుగా ఇలాంటి ఇళ్లలో కరెంటు పనులు చేయిస్తున్నాను. క్యాంపస్ పక్కన పాత ఫ్రాట్ హౌస్ కొని స్టూడెంట్లకు అద్దెకిద్దామనుకునే మనవాళ్లు ఈమధ్య తరచుగా ఫోన్ చేస్తున్నారు. మంచి కాంట్రాక్టర్‌ని పెట్టుకోండి, పర్మిట్ తీసుకోండి లాంటివి మీకు తెలిసినవే. నా కళ్లముందు చాలామందిని ముంచిన తప్పు ఒక్కటే: లోపలి పని పూర్తి కాకుండానే గోడలు మూసేయడం.

ఇది తొందర వల్ల జరుగుతుంది. మే నెలలో పిల్లలు ఖాళీ చేస్తారు, ఆగస్టులో మళ్లీ దిగుతారు. చేతిలో ఉండేది పన్నెండు వారాలు. జూలై వచ్చేసరికి ఓనర్‌కి టెన్షన్ మొదలవుతుంది. డ్రైవాల్ (గోడ మూసే జిప్సం పలకలు) కొట్టి రంగు వేస్తే ఇల్లు కొత్తగా కనిపిస్తుంది, ఫొటోలు పెట్టొచ్చు, లీజులు రాయించుకోవచ్చు. లోపల ఏముందో ఇక ఎవరికీ కనపడదు.

1920ల నాటి చెక్క ఇళ్లు చాలావాటిలో గోడలోని నిలువు దుంగలు పునాది నుంచి కప్పు దాకా ఏకంగా ఉంటాయి. దీన్ని బెలూన్ ఫ్రేమింగ్ అంటారు. రెండు దుంగల మధ్య ఖాళీని అంతస్తుల దగ్గర అడ్డుకట్టలు వేసి మూయకపోతే అది పొగగొట్టమే. కింద రాజుకున్న నిప్పు నిమిషాల్లో అటకలో తేలుతుంది. పోయిన నెల జరిగింది ఇదే. గోడ తెరిచి ఉన్నప్పుడు ప్రతి అంతస్తు దగ్గరా చెక్క ముక్కలు బిగించడం రెండు మూడు రోజుల పని. మూశాక అదే పనికి గోడలన్నీ మళ్లీ పగలగొట్టాలి.

వైరింగ్ సంగతీ అంతే. పింగాణీ గుబ్బల మీద విడివిడిగా లాగిన పాత తీగలు చుట్టూ గాలి ఆడితేనే చల్లబడతాయి. చలికని వాటి మీద ఇన్సులేషన్ కూరి గోడ మూస్తే వేడి లోపలే నిలిచిపోతుంది. ఆనాడు గదికో బల్బు వెలిగితే గొప్ప. ఇప్పుడు గదికో మినీ ఫ్రిజ్, ఎయిర్ ఫ్రయ్యర్, గేమింగ్ కంప్యూటర్, కిటికీ ఏసీ.

ఇక స్ప్రింక్లర్ పైపులు, అంటే మంట వేడి తగిలితే సీలింగ్ నుంచి నీళ్లు చిమ్మేవి. 1996 మే 12న, గ్రాడ్యుయేషన్ రోజు తెల్లవారుజామున, నార్త్ కరోలినాలోని చాపెల్ హిల్‌లో ఒక ఫ్రాటర్నిటీ హౌస్ కాలి ఐదుగురు పిల్లలు చనిపోయారు. నిప్పు బేస్‌మెంట్‌లోనే అంటుకుంది. ఆ ఇంట్లో స్ప్రింక్లర్లు లేవు. తర్వాత ఆ ఊరు ఫ్రాటర్నిటీ, సొరోరిటీ (అమ్మాయిల సంఘం) ఇళ్లన్నిటికీ స్ప్రింక్లర్లు తప్పనిసరి చేసింది. గోడలూ సీలింగూ తెరిచి ఉన్నప్పుడు పైపు వేయించడం తేలిక. "వచ్చే వేసవిలో చూద్దాం" అని మూసేసినవాళ్లు మళ్లీ తెరిచింది నేనైతే చూడలేదు.

కాబట్టి అడ్డుకట్టలు, వైర్లు, పైపులు, మూడూ బిల్డింగ్ ఇన్‌స్పెక్టర్ కళ్లారా చూసి సంతకం పెట్టేదాకా గోడ మూయించకండి. మూసే ముందు ప్రతి గోడనూ ఫోన్‌లో వీడియో తీసి దాచుకోండి.

మిగతావి వరసగా:

అటకలో బూడిద రంగు మెరుపు గులకల్లాంటి ఇన్సులేషన్ కనిపిస్తే తాకకండి. అది వర్మిక్యులైట్, అందులో ఊపిరితిత్తులను పాడుచేసే ఆస్బెస్టాస్ ఉండొచ్చు.

1978కి ముందు వేసిన రంగుని పొడిగా గీకించకండి, సీసం దుమ్ము లేస్తుంది.

బేస్‌మెంట్‌లో పడకగది వేస్తే మనిషి దూరి బయటపడే కిటికీ ఉండాలి. దాని అంచు నేల నుంచి 44 అంగుళాలు దాటకూడదు.

గది తలుపులు వాటంతటవే మూసుకోవాలి. తలుపు కింద చెక్క పెట్టి తెరిచి ఉంచనివ్వకండి.

వంటింటి పొగ ఇంటి బయటికి పోయే చిమ్నీ పెట్టించండి. మన పిల్లలు పోపు పెడితే అలారం మోగుతుంది, వెంటనే దానికి ప్లాస్టిక్ కవర్ కట్టేస్తారు. ఆ కవర్లు నా చేత్తో ఎన్నో తీశాను.

మెట్ల కింద స్కూటర్ చార్జింగ్ వద్దు. అసలు మెట్ల కింద ఏమీ వద్దు.

బాల్కనీ చెక్కను పొడిచి చూడండి. మెత్తగా దిగితే ఆ రోజే తాళం వేయండి. 2015లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో కుళ్లిన బాల్కనీ విరిగి ఆరుగురు పోయారు.

ఆగస్టుకి పని అవ్వలేదా? పిల్లల్ని దించకండి. మోటల్‌లో పెట్టండి, డబ్బు మీరే కట్టండి.

కాంట్రాక్టర్ "పర్లేదు సార్, మూసేద్దాం" అన్నా మూయించకండి. ఇన్‌స్పెక్టర్ సోమవారం వస్తానంటే సోమవారం దాకా ఆ గోడ తెరిచే ఉండాలి.