గెడ్డ పొంగితే ఆగండి: కొండల్లో నడకకు వెళ్లేవాళ్లకు జాగ్రత్తలు

విశాఖ చుట్టుపక్కల కొండల్లో ఎవరో ఒకరు గెడ్డలో, అంటే కొండవాగులో, కొట్టుకుపోయారన్న వార్త లేకుండా వానాకాలం గడవడం లేదు. ఈ మధ్య మళ్లీ అలాంటిదే చదివాను. ఇక అనంతగిరి, అరకు, లంబసింగి వైపు టెంట్లు మోసుకుని రెండు మూడు రోజుల నడకకు బయల్దేరే సీజన్ వస్తోంది. బంగాళాఖాతంలో తుఫాన్లు పుట్టే కాలమూ అదే. హుద్‌హుద్ మన మీద విరుచుకుపడింది 2014 అక్టోబర్ 12న.

బూట్లు, టార్చి, రెయిన్‌కోటు గురించి మీకు తెలుసు. నేను చెప్పాలనుకున్నది గెడ్డ గురించి.

గెడ్డ దగ్గర

వెళ్లేటప్పుడు చీలమండ దాకా ఉంటుంది. ఫొటోలు దిగి నవ్వుకుంటూ దాటేస్తాం. పైన ఎక్కడో కొండ మీద కుండపోత కురుస్తుంది, మన నెత్తిన మాత్రం ఎండ కాస్తూనే ఉంటుంది. నిటారు వాలు కాబట్టి ఆ నీరు కాసేపట్లోనే కిందికి వచ్చేస్తుంది. తిరిగొచ్చేసరికి అది వేరే గెడ్డ.

‘పొద్దున దాటాం కదా’ అన్న ఒక్క మాటే ప్రాణాలు తీస్తోంది. ఆదివారం సాయంత్రం, రాత్రికి ఇల్లు చేరాలి, తెల్లారితే ఆఫీసు అన్న టెన్షన్. ఒకడు తెగించి దిగుతాడు, ఎలాగో దాటేస్తాడు. వాణ్ణి చూసి మిగతావాళ్లు చేతులు పట్టుకుని దిగుతారు. మధ్యలో ఒకరి కాలు జారితే పక్కవాళ్లూ పోతారు.

నీటి అంచున ఒక పుల్ల గుచ్చి పది నిమిషాలు చూడండి. పుల్ల మునుగుతున్నా, తేట నీరు ఎర్రబడినా, ఎండుటాకులు గుంపులుగా కొట్టుకొస్తున్నా, అడుగున రాళ్లు దొర్లుతున్న గుడగుడ వినిపించినా దాటే మాటే వద్దు. వడి ఉంటే మోకాలి లోతు నీరు కూడా మనిషిని పడేస్తుంది.

ఆగితే నష్టమేముంది? ఈ చిన్న గెడ్డలు తొందరగానే తగ్గిపోతాయి. వాన వెలిస్తే కొన్ని గంటలు, మహా అయితే మర్నాడు. అందుకే ఒక రోజు అదనపు తిండి, సోమవారానికి సెలవు, ఈ రెండూ లేకుండా ఇల్లు కదలకండి.

బయల్దేరే ముందు

విశాఖ తుఫాను హెచ్చరికల కేంద్రం బులెటిన్ చూడండి. అల్పపీడనం అంటేనే వాయిదా వేయండి, వాయుగుండం అయ్యాక చూద్దాంలే అనొద్దు. అటవీ శాఖ అనుమతి తీసుకోండి. ఆ ఊరి మనిషిని కూలి ఇచ్చి వెంట తీసుకెళ్లండి. ఆయన వద్దంటే వద్దు. ఏజెన్సీలో చాలాచోట్ల సిగ్నల్ ఉండదు కాబట్టి ఆదివారం రాకపోయినా కంగారు పడొద్దని, సోమవారం సాయంత్రానికీ కబురు లేకపోతే 112కి ఫోన్ చేయమని ఇంట్లో చెప్పండి.

ఇంకా

గెడ్డ ఒడ్డున టెంటు వేయొద్దు. ఇసుక మెత్తగా ఉంటే అసలే వద్దు, దాన్ని అక్కడికి తెచ్చింది వరదే.

జలపాతం పైకెక్కి రాళ్ల మీద నిలబడొద్దు.

రైలు పట్టాల మీద నడవొద్దు. కొత్తవలస–కిరండూల్ లైన్లో సొరంగం మధ్యలో ఉండగా గూడ్సు వస్తే తప్పుకునే చోటుండదు.

తేనెపట్టు ఉన్న బండ కింద పొయ్యి వెలిగించొద్దు.

ఉరిమితే చెట్టు కిందికి పోవద్దు.

రాత్రి టెంటు జిప్ పూర్తిగా వేయండి. కట్లపాము రాత్రిపూటే తిరుగుతుంది, కరిచినా నొప్పి తెలియకపోవచ్చు. పాము కరిస్తే బిగించి కట్టొద్దు, కోయొద్దు, నడిపించొద్దు. మోసుకుని ఆసుపత్రికి తీసుకెళ్లండి.

మందు తాగి నీళ్లలో దిగొద్దు.

గెడ్డ పొంగితే ఆగండి.

నడుముకు తాడు కట్టుకుని దిగొద్దు. తాడు బిగిసిందంటే ప్రవాహం మనిషిని అడుక్కి తొక్కేస్తుంది.

తగ్గినట్టు కనిపించినా చీకట్లో దాటొద్దు.

పడిపోతే బ్యాగు వదిలేసి, వెల్లకిలా తిరిగి, కాళ్లు ప్రవాహం పోయే వైపు పెట్టండి. పడినవాళ్ల వెంట ఎవరూ దూకొద్దు. ఒడ్డు నుంచే కర్ర గానీ తాడు గానీ అందించండి.

ఇంటికొచ్చాక రెండు మూడు వారాల్లోపు జ్వరం వస్తే మాత్ర వేసుకుని పడుకోకండి. మలేరియా కావచ్చు, పొదల్లోని కంటికి ఆనని చిన్న పురుగు కుడితే వచ్చే స్క్రబ్ టైఫస్ కావచ్చు. ఆ పురుగు కుట్టినచోట, చంకల్లో, గజ్జల్లో సిగరెట్ కాలినట్టు నల్లటి పెచ్చు ఉందేమో వెతికి, ఏజెన్సీ అడవుల్లో తిరిగొచ్చానని డాక్టర్‌కు మీరే చెప్పండి.