పావుకిలో, 0.250, 25 శాతం: మూడింటినీ ఒకే గీత మీదకు తేవడం

పాఠ్యపుస్తకంలో భిన్నాలు ఒకచోట, దశాంశాలు మరోచోట, శాతాలు ఇంకెక్కడో ఉంటాయి. పిల్లలు కూడా వాటిని అలాగే విడివిడిగా దాచుకుంటారు. ఏడో తరగతి పిల్లవాణ్ణి 3/4ను దశాంశంగా మార్చమంటే తడుముకోకుండా మారుస్తాడు. 3/4 పెద్దదా, 0.7 పెద్దదా అని అడిగితే నీళ్లు నములుతాడు. జడ్పీ హైస్కూల్లో లెక్కలు చెప్పే నేను కొత్తగా వచ్చే టీచర్లకూ, ఇంట్లో పిల్లలకు చెప్పుకొనే తల్లిదండ్రులకూ ఇచ్చే సలహా ఒక్కటే: మొదటి రోజు నుంచీ మూడింటినీ ఒకే గీత మీద గుర్తించండి.

దానికి కావలసింది సరిగ్గా 20 సెంటీమీటర్ల పొడవున్న కాగితపు పట్టీ. ప్రతి పిల్లా తనది తానే కత్తిరించుకోవాలి. దాన్ని సగానికి, మళ్లీ సగానికి, ఇంకోసారి సగానికి మడిచి, మడతల దగ్గర పై అంచున 1/8, 1/4, 3/8, 1/2 అంటూ రాయించండి. తరువాత స్కేలు పెట్టి ప్రతి రెండు సెంటీమీటర్లకూ గీత కొట్టించి మధ్యలో 0.1, 0.2 అని, కింది అంచున 10%, 20% అని వేయించండి. ఇక రెండు మిల్లీమీటర్లంటే ఒక శాతం. పావు మడత 0.2కూ 0.3కూ నట్టనడుమ పడుతుంది. 3/4 మడత 0.7 దాటి ఒక సెంటీమీటరు అవతల ఉంటుంది. పైన అడిగిన ప్రశ్నకు జవాబు కంటికే కనబడుతుంది.

గుండ్రటి రొట్టె బొమ్మతో మొదలుపెట్టడం నాకు నచ్చదు. రొట్టెను అయిదు సమాన భాగాలు చేయడం పెద్దవాళ్లకే చేతకాదు. పైగా 5/4 చూపాలంటే రెండో రొట్టె గీయాలి. అప్పుడు ఎనిమిది ముక్కల్లో అయిదు రంగువేసి ఉంటే పిల్లలు 5/8 అంటారు, వాళ్ల తప్పేమీ లేదు. పట్టీకి ఇంకో పట్టీ అతికిస్తే 1 దాటి ముందుకు పోవడం సహజంగా అర్థమవుతుంది.

కూడికలో ఏటా ఎదురయ్యే తప్పు 1/3 + 1/4 = 2/7. వెంటనే క.సా.గు. (కనిష్ఠ సామాన్య గుణిజం, ఎల్‌సీఎం) నియమం చెప్పకండి. 12 సెంటీమీటర్ల గీత గీయించండి. అందులో మూడోవంతు 4 సెంటీమీటర్లు, నాలుగోవంతు 3, కలిపితే 7. జవాబు 7/12. వాళ్లు చెప్పిన 2/7 ఆ గీత మీద మూడున్నర సెంటీమీటర్లయినా రాదు, అంటే మొదట ఉన్న మూడోవంతు కంటే తక్కువ. కూడితే తగ్గిపోవడం ఏమిటని పిల్లలే నవ్వుతారు. గీత పొడవు 12 ఎందుకు తీసుకున్నామో అప్పుడు అడిగితే, క.సా.గు. పేరెత్తకముందే దాని అవసరం తెలిసిపోతుంది.

దశాంశాలకు వచ్చాక ‘సున్నా పాయింటు ముప్పై అయిదు’ అని చదవడాన్ని కొన్నాళ్లు మాన్పించండి. ‘మూడు పదోవంతులు, అయిదు నూరోవంతులు’ అనిపించండి. లేకపోతే 35 నాలుగు కంటే పెద్దది కాబట్టి 0.35 కూడా 0.4 కంటే పెద్దదనే నమ్మకం పోదు. రూపాయలు, పైసలతో చెప్పే పాత పద్ధతి ఇప్పుడు పనికిరాదు. ఈ పిల్లలు పైసలు వాడి ఎరుగరు. కిరాణా కొట్టుకు పంపండి. పావుకిలో కందిపప్పు అడిగితే ఎలక్ట్రానిక్ కాటా 0.250 అని చూపిస్తుంది. చివరి సున్నా తీసేస్తే పప్పు తగ్గుతుందా అని అడగండి. మధ్యలో సున్నా ఉండే 0.085 లాంటి తూకాలు కూడా రాసుకు రమ్మనండి.

క్రికెట్ ప్రస్తావన ఎలాగూ వస్తుంది, రానివ్వండి. 4.3 ఓవర్లంటే నాలుగు ఓవర్లు, మూడు బంతులు. ఓవరుకు ఆరు బంతులు కాబట్టి అసలు విలువ నాలుగున్నర, అంటే 4.5. ఆ ఓవర్లలో 36 పరుగులొస్తే రన్‌రేటు 8. చుక్కను దశాంశ బిందువనుకుని 4.3తో భాగిస్తే 8.37 వస్తుంది. ఏది సరి అన్న దాని మీద వెనక బెంచీల వాళ్లు సైతం తగువుకు దిగుతారు. అలాగే 40 బంతుల్లో 50 పరుగుల స్ట్రైక్‌రేటు, అంటే నూరు బంతులకు లెక్కగట్టిన పరుగులు, 125 కాబట్టి, నూరు దాటిన శాతం వాళ్లకు వింతగా తోచదు.

శాతాలకు నాకు ఇష్టమైన పాఠం బంగారం. మేలిమి బంగారం 24 క్యారెట్లు. 22 క్యారెట్ల నగలో 24 భాగాల్లో 22 బంగారం. 22ను 24తో భాగిస్తే 0.91666... హాల్‌మార్క్ నగ మీది 916 ముద్ర అదే, వెయ్యికి 916 వంతులు, అంటే 91.6 శాతం. 18 క్యారెట్లకు 750 ముద్ర ఎందుకో పిల్లల చేతే రాబట్టండి. నగలు బడికి తేవద్దని మాత్రం ముందే గట్టిగా చెప్పండి, ఇంట్లో చూసి రాసుకొస్తే చాలు. పాత నగల మీద ఆ ముద్ర లేకపోవచ్చు.

శాతం లెక్కలో ఎప్పుడూ అడగవలసిన ప్రశ్న ‘దేనిలో?’. ఆషాఢం అమ్మకాల్లో ‘50 శాతం తగ్గింపు, దాని మీద మరో 20 శాతం’ అని బోర్డు పెడతారు. వెయ్యి రూపాయల చీర మూడొందలకు రాదు. మొదట 500, ఆ 500లో 20 శాతం పోతే 400. తరగతిలో సగం మంది 300 అనే అంటారు, అననివ్వండి, బిల్లు బోర్డు మీద వేసి చూపండి. సూత్రాలకంటే ముందు 10 శాతం పట్టడం నేర్పండి: 850లో పదిశాతం 85, అయిదుశాతం అందులో సగం 42.50, పదిహేను శాతం 127.50. కాగితం అక్కర్లేదు.

అర్థమైందో లేదో తెలుసుకోవడానికి మార్పిడి లెక్కల కట్ట ఇవ్వకండి. 0.4కూ 1/2కూ మధ్య ఉన్న ఒక సంఖ్య చెప్పమనండి. ఒకరు 45% అంటారు, మరొకరు 9/20 అంటారు, ఆ రెండూ ఒకటేనా అని మిగిలినవాళ్లను తేల్చమనండి. తరువాత 0.4కూ 0.45కూ మధ్య ఇంకొకటి అడగండి.