ఏ గేమ్ అమ్మకానికి పెట్టాలో చింతపిక్కలతో తేల్చుకోవడం ఎలా

మీ దగ్గర సగం సగం తయారైన గేములు మూడో నాలుగో ఉన్నాయి. చేతిలో డబ్బేమో ఒక్కదాన్ని పూర్తి చేసి స్టీమ్‌లో, అంటే పీసీ గేములు అమ్మే ఆన్‌లైన్ దుకాణంలో, పెట్టడానికే సరిపోతుంది. ఏది పెట్టాలి? ఇది మీలో మీరు కూర్చుంటే తేలదు, కాకిపిల్ల కాకికి ముద్దు కాబట్టి. మేం విశాఖపట్నం మద్దిలపాలెంలో ఒక మేడ మీద గదిలో నెల రోజులు దీని మీదే కొట్టుకుని, చివరికి జనాన్నే అడిగేద్దాం అనుకున్నాం. అడిగాం కూడా, కానీ అడిగిన తీరే తప్పు. వాట్సాప్ గ్రూపుల్లో మూడు ట్రైలర్లు పడేసి పోల్ పెట్టాం, పాత బంగళా దెయ్యం గేమ్‌కి ఓట్లు కుప్పలు తెప్పలుగా పడ్డాయి, ఎనిమిది నెలలు దాని మీద కూర్చుని విడుదల చేస్తే ఓటేసిన వాళ్లలో కొన్నవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అందులో ఇద్దరు మా చుట్టాలు.

రెండోసారి చింతపిక్కలతో చేశాం. ఆ పద్ధతే ఇక్కడ రాస్తున్నా.

దానికి ముందు ఒక పాత కథ. మేం గదిలో కూర్చుని చేసిన తప్పునే ప్రపంచమంతా కలిసి చేస్తే ఎలా ఉంటుందో అది చూపిస్తుంది. 2012 ఆగస్టు 30న, స్టీమ్‌ని నడిపే వాల్వ్ కంపెనీ స్టీమ్ గ్రీన్‌లైట్ మొదలుపెట్టింది. అప్పటిదాకా ఏ చిన్న గేమ్ స్టీమ్‌లోకి రావాలో కంపెనీ వాళ్లే చూసి తేల్చేవాళ్లు, ఇకమీదట ఆటగాళ్లే ఓటేసి తేల్చుకోండి అన్నారు. డెవలపర్ ఒక పేజీ పెట్టాలి, అందులో వీడియో, బొమ్మలు, నాలుగు మాటలు. చూసినవాళ్లని అడిగే ప్రశ్న, ఈ గేమ్ స్టీమ్‌లో ఉంటే కొంటారా అని. మొదటి రోజుల్లో ఫీజు లేదు కాబట్టి ఉత్తుత్తి పేజీలు, ఎగతాళికి పెట్టినవీ వచ్చి పడ్డాయి, వారం తిరక్కుండానే 100 డాలర్ల ఫీజు పెట్టి ఆ డబ్బు చైల్డ్స్ ప్లే అనే సేవాసంస్థకి పంపడం మొదలుపెట్టారు. సెప్టెంబరులో ఎంపికైన మొదటి పదింట్లో ప్రాజెక్ట్ జొంబాయిడ్, కెన్షి ఉన్నాయి, ఆ రెంటినీ జనం ఇప్పటికీ ఆడుతున్నారు. తర్వాత స్టార్‌డ్యూ వ్యాలీ కూడా ఈ దారిలోనే వచ్చింది. కాబట్టి జనానికి ఎంచుకోవడం రాదు అనకండి.

చెడిందెక్కడంటే, ఓటుకి ఖర్చు లేదు. చాలామంది ఆడకుండానే ట్రైలర్ చూసి నొక్కేవాళ్లు. కొందరు డెవలపర్లు మాకు ఓటేస్తే గేమ్ కీ (కొనకుండానే గేమ్ తీసుకునే కోడ్) ఉచితం అని బేరం పెట్టారు, ఓటుకి మిక్సీ ఇచ్చినట్టన్నమాట, ఎన్నికలు చూసి పెరిగినవాళ్లం కాబట్టి ఇది మనకి వేరే చెప్పక్కర్లేదు. 2017 జూన్‌లో గ్రీన్‌లైట్‌ని మూసేసి, దాని స్థానంలో ఓటింగే లేని స్టీమ్ డైరెక్ట్ తెచ్చారు. ఇప్పుడు గేమ్‌కి 100 డాలర్లు కట్టి కాగితాలు సరిగ్గా ఇస్తే చాలు, కంపెనీ వాళ్లు చూసేది గేమ్ తెరుచుకుంటోందా, పేజీలో చెప్పింది అందులో ఉందా లాంటివే. ఏది బాగుందో చెప్పేవాళ్లు ఎవరూ లేరు. అందుకే ఆ ఓటింగేదో డబ్బు కట్టకముందే మన ఊళ్లో మనమే పెట్టుకోవాలి, ఈసారి ఓటుకి కొంచెం ఖర్చు పెట్టి.

మనదగ్గర ఇంకో రోగం ఉంది, మొహమాటం. ఎదురుగా కూర్చుని అడిగితే బాగోలేదు అని చెప్పే తెలుగువాడు అరుదు. "బాగుంది, కొంచెం గ్రాఫిక్స్ చూసుకోండి" అంటాడు, అంతే, మీరు ఇంటికెళ్లి నెల రోజులు గ్రాఫిక్స్ చేస్తారు. కింద చెప్పేదంతా ఆ మొహమాటాన్ని తప్పించుకోడానికే.

ముందు గేములు. ఒక్కోటీ పదిహేను నిమిషాలు ఆడగలిగేలా కత్తిరించండి, అన్నీ ఇంచుమించు ఒకే స్థాయిలో ఉండాలి. ఒకదానికి మంచి పాటలు పెట్టి ఇంకోదాన్ని బూడిద రంగు డబ్బాలతో వదిలేస్తే ఓటు పాటలకే పడుతుంది. ఏది ఎవరు చేశారో ఎక్కడా రాయొద్దు. మేం రెండోసారి పెట్టినవి మూడు: ఫిషింగ్ హార్బర్‌లో తెల్లవారుజామున జరిగే చేపల వేలం, తుపాను రాత్రి ఇంటిని కాపాడుకోవడం, బొంగరాల పోటీ.

తర్వాత మనుషులు. పాతిక ముప్పై మంది చాలు. చుట్టాలు వద్దు, గేములు తయారుచేసే వాళ్లు అసలు వద్దు, వాళ్లు ఆడరు, కోడ్ ఎలా రాశావు అని అడుగుతారు. కాలేజీ హాస్టల్ కుర్రాళ్లు, గేమింగ్ సెంటర్‌కి వచ్చేవాళ్లు, ఉద్యోగం నుంచి వచ్చి రాత్రి ఓ గంట ఆడుకునే వాళ్లు, ఇలా కలిపి పిలవండి. రాగానే ప్రతి ఒక్కరినీ ఒక్కటే అడగండి: చివరిసారి డబ్బు పెట్టి కొన్న పీసీ గేమ్ ఏది? ఇది చాలా ముఖ్యం. మన దగ్గర ఎక్కువమంది ఫోన్‌లో ఉచిత గేములు ఆడేవాళ్లే, వాళ్ల అభిప్రాయం విలువైనదే కానీ స్టీమ్‌లో కార్డు తీసేది వాళ్లు కాదు. కొన్న గేమ్ పేరు టక్కున చెప్పినవాళ్లకి ఎర్ర పిక్కలు, మిగతావాళ్లకి మామూలు పిక్కలు.

ఎర్ర పిక్కలంటే నెయిల్ పాలిష్ వేసిన చింతపిక్కలే. వేయడానికి ఒక సాయంత్రం పడుతుంది, మా అక్క సీసా మొత్తం అయిపోయింది. మామూలు వాటికి కూడా ఏదో ఒక చుక్క పెట్టండి, నవ్వకండి, ఎందుకంటే చింతపిక్కలు ప్రతి వంటింట్లోనూ ఉంటాయి, మా దగ్గరకి ఒకతను జేబు నిండా ఇంటినుంచే తెచ్చుకున్నాడు. దొంగ ఓటు.

చోటు విషయంలో మా అనుభవం, ఆర్కే బీచ్‌లో పెట్టొద్దు. చెప్పుకోడానికి బాగుంటుంది కానీ ఎండలో స్క్రీన్ కనబడదు, కీబోర్డులో ఇసుక, పైగా ఉప్పుగాలి. ఫ్యాన్లు తిరిగే గది ఏదైనా చాలు. బీచ్‌లో నేవీ విన్యాసాలు ఉంటే ముందు రోజుల్లో రిహార్సల్స్ చూడ్డానికి జనం బీచ్ రోడ్డుకి వెళ్తారు కాబట్టి అప్పుడూ వద్దు, క్రికెట్ మ్యాచ్ ఉన్న రోజు సంగతి చెప్పనే అక్కర్లేదు.

ఇప్పుడు అసలు పని. ఒక్కొక్కరికీ పది పిక్కలు ఇవ్వండి. ఒక్కో పిక్క యాభై రూపాయలు అనుకోమనండి. ప్రతి ల్యాప్‌టాప్ పక్కనా ఒక మూత ఉన్న స్టీలు డబ్బా, దాని మీద ధర. మేం వేలానికి అయిదు పిక్కలు, తుపానుకి అయిదు, బొంగరాలకి మూడు పెట్టాం, స్టీమ్‌లో మీరు పెట్టాలనుకుంటున్న ధరకి దగ్గరగా ఉండాలి. నచ్చితే పిక్కలు వేసి కొనుక్కోవచ్చు, అది తయారయ్యాక వాళ్ల పేరు మీద ఒక కాపీ. నచ్చకపోతే పిక్కలు జేబులోనే. మిగిలిన పిక్కలకి బయట బజ్జీలు, రెండు పిక్కలకి ఒకటి. ఇక్కడే ఉంది కిటుకంతా: గేమ్ కొంటే రెండు మూడు బజ్జీలు పోయినట్టే. సాయంత్రం ఆరింటికి వేడి మిరపకాయ బజ్జీ వాసన వస్తుంటే దాన్ని వదులుకుని అయిదు పిక్కలు డబ్బాలో వేశాడంటే అది మొహమాటం ఓటు కాదు. మూత ఎందుకంటే ముందువాళ్లు ఎన్ని వేశారో కనబడితే తర్వాతివాళ్లు అటే పోతారు.

కొన్ని నియమాలు పెట్టుకోండి. మూడూ ఆడాకే పిక్కలు వేయాలి. ఆడే వరుస మనిషిమనిషికీ మార్చండి, ఎప్పుడూ చివర వచ్చే గేమ్‌కి అలిసిపోయిన కళ్లే దొరుకుతాయి. గేమ్ చేసినవాడు ఆ ల్యాప్‌టాప్ దగ్గర నిలబడకూడదు, ఇంకొకరు కూర్చోవాలి, కూర్చున్నవాళ్లు నోరు విప్పకూడదు. ఇది అన్నిటికన్నా కష్టం. ఆటగాడు తలుపు ముందు నిలబడి "ఏటి బాబూ ఇది, ఎటెళ్లాలో తెలీట్లేదు" అంటుంటే స్పేస్ బార్ నొక్కు అని చెప్పకుండా ఉండటానికి మా వాడు నోట్లో రుమాలు కుక్కుకున్నంత పని చేశాడు. చెప్పకండి. ఎన్నో నిమిషంలో అన్నాడో రాసుకోండి, ఎందుకంటే స్టీమ్‌లో కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటలకన్నా తక్కువ ఆడి ఉంటే డబ్బు వెనక్కి అడగొచ్చు, అక్కడ చెవిలో చెప్పడానికి మీరు ఉండరు.

ఇంకొకటి కూడా రాసుకోండి. ఆడటం అయిపోయి, వంతు కోసం కూర్చున్న టైములో ఏ ల్యాప్‌టాప్ ఖాళీ అయితే దాని దగ్గరికి మళ్లీ ఎవరు వెళ్తున్నారు? మీరేమీ అనకుండా వాళ్లంతట వాళ్లే వెళ్లాలి. నన్నడిగితే ఇది పిక్కలకన్నా నమ్మకమైన ఓటు.

మాకు జరిగింది చెప్తా. తుపాను గేమ్ ఆడిన ప్రతి ఒక్కరూ పొగిడారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఈ ఊళ్లో ఉన్నవాళ్లెవరైనా ఆ గాలి మోత మర్చిపోరు, ఒకావిడ అయితే తలుపుకి బల్ల అడ్డం పెట్టే సీన్ దగ్గర ఆపేసి తమ ఇంట్లో జరిగిందంతా చెప్పింది. గెలిచేసింది అనుకున్నాం. డబ్బా మూత తీస్తే పట్టుమని పది మంది కూడా కొనలేదు. బాగుంది, కానీ ఆ రాత్రి మళ్లీ ఎవడికి కావాలి. చేపల వేలానికి పెద్దగా పొగడ్తలు లేవు, పెద జాలారిపేట నుంచి వచ్చిన కుర్రాడైతే "వంజరం ఇంత చవగ్గా ఎక్కడ దొరుకుతుంది" అని నవ్వాడు, నవ్వి మూడుసార్లు ఆడాడు. ఆ ల్యాప్‌టాప్ ఆ సాయంత్రం ఖాళీగా లేదు.

లెక్కపెట్టేటప్పుడు పిక్కల మొత్తం చూడకండి, ధరలు వేరు కాబట్టి తప్పుదారి పట్టిస్తుంది. ఎంతమంది కొన్నారో చూడండి, ముందు ఎర్ర పిక్కలవాళ్లు, తర్వాత మిగతావాళ్లు, తర్వాత మళ్లీ ఆడినవాళ్లు. పాతికమందిలో తొమ్మిదికీ పదికీ తేడా లేదు, అలా వస్తే ఇంకో వారం వేరే పేటలో మళ్లీ పెట్టండి, ఎంవీపీ కాలనీలో అడిగితే గాజువాకలో అడిగే పని ఇంకా మిగిలే ఉంటుంది. డబ్బాలు తెరవకముందే ఒక గీత గోడ మీద రాసుకోండి: ఎర్ర పిక్కలవాళ్లలో మూడోవంతు కూడా కొనకపోతే ఆ గేమ్ చేయం. తెరిచాక రాస్తే ఆ గీత మీకు నచ్చిన గేమ్ కిందికే జారుతుంది. ఏదీ గీత దాటక అందరూ బజ్జీలే తింటే అది కూడా తీర్పే, బజ్జీల ఖర్చుతో పోయింది, ఎనిమిది నెలలు మిగిలాయి.

గెలిచినదాన్ని అప్పుడు ఊరు దాటించండి. ముందు ఇచ్.ఐఓ అనే ఇంకో గేముల సైటులో డెమో పెట్టొచ్చు, అక్కడ పేజీకి ఫీజు లేదు. తర్వాత స్టీమ్. 100 డాలర్లంటే రేటుని బట్టి సుమారు తొమ్మిది వేల రూపాయలు, అంతర్జాతీయ చెల్లింపులు తెరిచి ఉన్న కార్డు కావాలి, గేమ్ అమ్మకాలు 1,000 డాలర్లు దాటితే ఆ ఫీజు వెనక్కి వస్తుంది. పన్ను ఫారంలో పాన్ నంబరు ఇవ్వండి, మన దేశానికీ అమెరికాకీ ఉన్న ఒప్పందం వల్ల అమెరికా అమ్మకాల మీద పట్టుకునే పన్ను 30 శాతం కాకుండా 15 శాతం అవుతుంది. స్టీమ్ వాటా 30 శాతం ఎలాగూ ఉంది. ఫీజు కట్టిన రోజు నుంచి విడుదలకి 30 రోజులు ఆగాలి, రాబోతోంది అనే పేజీ కనీసం రెండు వారాలు ఉండాలి, కానీ రెండు వారాలే పెట్టకండి, నెలల ముందే పెట్టండి. విష్‌లిస్ట్‌లో, అంటే తర్వాత కొందామనుకునే గేముల జాబితాలో, పెట్టుకున్నవాళ్లకి విడుదల రోజు మెయిల్ వెళ్తుంది, ఇప్పుడు మిగిలిన ఓటింగ్ అదే. ఫిబ్రవరి, జూన్, అక్టోబరుల్లో స్టీమ్‌లో జరిగే డెమోల పండగ నెక్స్ట్ ఫెస్ట్‌లో ఒక గేమ్ ఒక్కసారే పాల్గొనగలదు, కంగారుపడి సగం ఉడికిన డెమోతో వెళ్లొద్దు.

మాకు ఆలస్యంగా తట్టింది ఒకటుంది. స్టీమ్‌లో కీ ద్వారా గేమ్ తీసుకున్నవాళ్లు రాసిన రివ్యూలు 2016 సెప్టెంబరు నుంచి రేటింగ్ లెక్కలోకి రావు, కొన్నవాళ్లవే వస్తాయి, అవి కనీసం పది ఉంటేగానీ రేటింగే కనబడదు. మనమేమో అందరికన్నా ఇష్టపడిన వాళ్లకే కాపీ ఇస్తామని మాటిచ్చాం. ఇచ్చిన మాట తప్పలేం, అందుకని వాళ్లకి కాపీలు ఇస్తున్నాం, మీరు మాత్రం కాపీ బదులు వాళ్ల పేరు గేమ్‌లో ఏదో ఒకచోట పెడతామని చెప్పండి. మేం కూడా ఒకరి పేరు పెట్టాం. వేలం వేసే ఆయనకి ఆ పెద జాలారిపేట కుర్రాడి పేరే, వంజరం దగ్గర్నుంచి ధరలన్నీ కూర్చుని సరిచేసింది వాడే.