స్పానిష్ భూతకాలాలు తెలుగుతో దారికొచ్చాయి

బెంగళూరు మారతహళ్ళి పీజీలో ఉంటూ, ఆఫీసులో మెక్సికో క్లయింట్ల కోసం స్పానిష్ మొదలుపెట్టాను. వర్తమానం దాకా సాఫీగానే నడిచింది. ఇండెఫినీదో (ముగిసిపోయిన పనికి), ఇంపెర్ఫెక్తో (అప్పట్లో సాగుతున్న పనికి, అలవాటుకి) అనే రెండు భూతకాలాలు వచ్చేసరికి బండి సిల్క్ బోర్డ్ జంక్షన్ ట్రాఫిక్‌లో ఇరుక్కుంది. ఇంగ్లీషు 'ఏట్' రెండింటికీ సరిపోతుంది కాబట్టి ఆ దారిలో వెళ్తే తేడా పట్టుబడదు.

తెలుగులో ఆలోచించాక చిక్కు వీడింది. 'తిన్నాను' అయితే కొమీ, అంటే ఇండెఫినీదో. 'రోజూ తినేవాణ్ణి' అన్నా, 'అప్పుడు తింటూ ఉన్నాను' అన్నా కొమీయా, అంటే ఇంపెర్ఫెక్తో. 'భోంచేస్తుంటే ఫోన్ మోగింది' అనే వాక్యంలో భోజనం ఇంపెర్ఫెక్తో, మోగడం ఇండెఫినీదో.

చాలాకాలం సాగిన పని కదా అని ఇంపెర్ఫెక్తో వేసేయకూడదు. అసలు టెన్షన్ ఇక్కడే. 'బెంగళూరులో మూడేళ్లు ఉన్నాను' అంటే వివీ (ఇండెఫినీదో), ఎందుకంటే లెక్క చెప్పి ముగించేశాం. 'అప్పట్లో బెంగళూరులో ఉండేవాణ్ణి' అంటే వివీయా (ఇంపెర్ఫెక్తో). మన 'ఉన్నాను', 'ఉండేవాణ్ణి' కూడా సరిగ్గా అక్కడే విడిపోతాయి, ఎవరూ నేర్పకుండానే!

సబేర్ (తెలియడం) క్రియ ఇంకా ముచ్చట. ఇంపెర్ఫెక్తోలో సబీయా అంటే అప్పటికే తెలుసు, ఇండెఫినీదోలో సూపే అంటే అప్పుడే తెలిసింది. ఇది విని మా రూమ్మేట్, "ఒరేయ్, ఇది మన వ్యాకరణమేరా!" అన్నాడు. పూర్తిగా కాదనుకోండి, కానీ పని జరుగుతుంది.

ఇక రూపాలంటారా, ఇంపెర్ఫెక్తోలో మామూలు పద్ధతి నుంచి దారి తప్పే క్రియలు మూడే: సేర్ (ఉండటం), ఇర్ (వెళ్లడం), వేర్ (చూడటం). ఇండెఫినీదోలో బోలెడు. వాటికి బట్టీయే గతి.