పాత నిబంధన ఆజ్ఞ మనకి వర్తిస్తుందా? ఇలా చూడండి

ఎవరైనా పాత నిబంధన (బైబిల్లో యేసుకి ముందటి భాగం) నుంచి ఒక వచనం తెచ్చి ఇది పాటించాలా వద్దా అని అడిగితే టక్కున అవుననో కాదనో అనేయకండి, ముందు అది ఎవరికి చెప్పారో చూడండి. లేవీయకాండం 19 తీయండి, 18వ వచనంలో నిన్నులాగే నీ పొరుగువాణ్ణి ప్రేమించు అని ఉంటుంది, పక్కనే 19లో రెండు రకాల దారం కలిపి నేసిన బట్ట వేసుకోవద్దని ఉంటుంది, మొదటిది యేసు మళ్ళీ చెప్పాడు, రెండోది కొత్త నిబంధనలో ఎక్కడా కనపడదు. పేజీ ఒకటే కదా అని రెండిటినీ ఒకే గాటన కట్టలేం.

తర్వాత అపొస్తలుల కార్యములు 15 నిదానంగా చదవండి. అన్యజనుల్లోంచి, అంటే యూదులు కాని వాళ్ళలోంచి వచ్చిన విశ్వాసులకి సున్నతి చేయించాలా అని యెరూషలేములో పెద్ద వాదనే జరిగింది, చివరికి విగ్రహాలకి అర్పించినవి, రక్తం, గొంతు పిసికి చంపినవి, జారత్వం, వీటికి దూరంగా ఉండమని ఉత్తరం రాశారు, సున్నతి అడగలేదు. తిండి గురించైతే మార్కు 7:19 చూడండి, అన్ని ఆహారాలూ పవిత్రమే అని అక్కడ ఉంటుంది.

విశ్రాంతి దినం దగ్గరే అసలు చిక్కు. పది ఆజ్ఞల్లో మిగతా తొమ్మిదీ కొత్త నిబంధనలో ఏదో రూపంలో మళ్ళీ వస్తాయి, ఇదొక్కటే ఆజ్ఞగా రాదు, విశ్రాంతి దినం విషయంలో ఎవరూ మీకు తీర్పు తీర్చకూడదని కొలొస్సయులకు 2:16 కూడా ఉంది, అయినా సెవెంత్ డే అడ్వెంటిస్టులు అనే క్రైస్తవ శాఖ వాళ్ళు అది సృష్టి నాటిదే అని శనివారం పాటిస్తారు. నైతికం, ఆచారం, పౌరచట్టం అని మూడుగా విడగొట్టే పద్ధతి పనికొస్తుంది గానీ ఆ లేబుల్స్ బైబిల్లో వేసి ఉండవు, తర్వాతి వాళ్ళు వేసినవే.

ఇక ధర్మశాస్త్రాన్ని కొట్టేయడానికి రాలేదని యేసు అన్న మత్తయి 5:17 తీసి అడిగితే దాటేయకండి, కిందకి 22 దాకా చదివించండి, నరహత్య చేయొద్దన్న ఆజ్ఞని యేసు కోపం దాకా తీసుకెళ్ళాడు, అంటే కొన్ని తేలికవడం అటుంచి ఇంకా బిగిశాయి.