పాత సబ్‌మెరైనర్, కొత్త సబ్‌మెరైనర్ పక్కపక్కన పెట్టుకుని ఎట్టా చూడాలంటే

మొన్న సంక్రాంతికి మా పెదనాన్న, మా బావ ఇద్దరూ నెల్లూరులో మా ఇంటికే వచ్చారు, ఇద్దరి చేతులకీ రోలెక్స్ సబ్‌మెరైనర్లే, అంటే నీళ్లలో దిగేవాళ్ల కోసం రోలెక్స్ కంపెనీ చేసే వాచీలు. పెదనాన్న షిప్పులో పనిచేసే రోజుల్లో 1995లో సింగపూర్‌లో కొన్నారు, బావ 2021లో దుబాయ్‌లో తీసుకున్నాడు. రెండూ నల్ల డయలే, రెండిటికీ డేటుంది, దూరంగా చూస్తే కవలపిల్లల మాదిరే ఉంటాయి. పాతది కొనాలా కొత్తది కొనాలా అని నన్ను అడిగేవాళ్లు ఎక్కువైపోయారు, అందుకని పండగ అయ్యాక కూడా ఇంకో పది రోజులు రెండూ నా దగ్గరే ఉంచమని బతిమాలి తీసుకున్నా. నేను చూసిన పద్ధతి ఇది, మీరూ ఇట్టాగే చూడండి.

మొట్టమొదట మీ చేతిలో ఉన్నది ఏ కాలందో తేల్చుకోవాలి, ఎందుకంటే 1953లో మొదలైన వాచీ ఇది, "పాతది" అనే మాటకి అర్థమే లేదు. మోడల్ నంబర్ ఎన్ని అంకెలో చూస్తే సగం తెలిసిపోద్ది. నాలుగంకెల 5513 లాంటివి 1960ల్లో వచ్చినవి, ప్లాస్టిక్ అద్దం, 200 మీటర్ల లోతు వరకే. ఐదంకెలవాటికి సఫైర్ అద్దం, 300 మీటర్లు, అందులో ఎక్కువగా దొరికేది 16610, అది 1980ల చివర్నుంచి 2010 దాకా నడిచింది. 2010లో ఆరంకెల 116610 వచ్చింది, సిరామిక్ బెజెల్‌తో, అంటే అద్దం చుట్టూ తిరిగే అంకెల రింగు. 2020 సెప్టెంబర్ 1న 126610 వచ్చింది, బావది అదే, పెదనాన్నది 16610. నంబర్ వాచీ కేసు మీద 12 గంటల వైపు, చైను తగిలే సందులో చెక్కి ఉంటది, చైను తీస్తేగానీ కనపడదు. సరైన టూల్ లేకుండా ఇంట్లో చాకుతోనో సూదితోనో తీయబాకండి, గీతలు పడతాయి, వాచీతో ఇచ్చే గ్యారంటీ కార్డు మీద ఉన్న నంబరే ముందు చూసుకోండి, కొనేటప్పుడు మాత్రం షాపువాడి చేత తీయించి కార్డుతో సరిపోల్చాల్సిందే.

ఇప్పుడు రెండిటినీ తెల్లటి గుడ్డ మీద పడుకోబెట్టి, కిటికీ వెలుతురులో, పైనుంచి కాదు, పక్కనుంచి చూడండి. నన్నడిగితే మొత్తం పోలికలో ముఖ్యమైన పని ఇదే. కాగితం మీద పాతది 40 మిల్లీమీటర్లు, కొత్తది 41, ఒక్క మిల్లీమీటర్ తేడాకి ఏముందిలే అనిపిస్తది, కానీ తేడా అంతా చైను తగిలే కాళ్లలో ఉంది, వాటినే లగ్స్ అంటారు. 16610కి అవి సన్నగా, కొసకి జారినట్టు ఉంటాయి. మధ్యలో వచ్చిన 116610కి అదే 40 అని రాసినా లగ్స్ బాగా లావు చేశారు, చేతికి పెట్టుకుంటే చదరంగా, బరువుగా కనపడతది. 126610లో మళ్లీ సన్నం చేశారు, చైను వెడల్పు 20 నుంచి 21కి పెంచారు, అందుకే సైజు పెరిగినా చూపుకి 116610 కంటే పొందిగ్గా ఉంటది. కొలతలు చూసి కొనేవాళ్లు మోసపోయేది ఇక్కడే.

పాతదాంట్లో లగ్స్ చూసేటప్పుడు ఇంకోటి చూడాలి, పాలిష్. ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు లగ్ పైభాగం గరుగ్గా, పక్క భాగం అద్దంలా ఉండి రెండూ కలిసే చోట అంచు గీత గీసినట్టు ఉంటది. మూడు నాలుగు సార్లు పాలిష్ పడితే ఆ అంచు అరిగి గుండ్రం అయిపోద్ది, రెండు లగ్స్ ఒక మందం ఉండవు, లగ్స్‌కి పక్కన ఉండే రంధ్రాలు (1995 నాటివాటికి ఉంటాయి) అంచులు పళ్లెం మాదిరి పల్లం పడతాయి. మా నాన్న వాచీ ఒకటి, ఇది కాదు వేరే కంపెనీది, మెరుపు తగ్గిందని ఊళ్లోనే ఒక షాపులో ఇచ్చాం, గంటలో తళతళలాడేలా చేసి ఇచ్చాడు, నాన్న సంతోషపడ్డాడు, నేను ఆ అరిగిపోయిన అంచులు చూసి రాత్రంతా నిద్రపోలేదు, పోయిన స్టీలు తిరిగి రాదు కదబ్బా. పాతదానికి గీతలుంటే ఉండనీయండి, అంచులు నిలబడి ఉంటే చాలు, బో మెరుస్తా ఉన్న పాత వాచీ కంటే అదే మేలు.

తర్వాత చైను. పాతది చెవి దగ్గర పెట్టుకుని ఊపండి, గలగలమంటది. 2000 ప్రాంతం దాకా కేసుకి తగిలే చివరి ముక్కలు లోపల బోలుగా ఉండేవి, క్లాస్ప్ (చైను మూసే కొక్కెం) కూడా రేకు వంచి చేసిందే. తేలిగ్గా ఉంటది, పెదనాన్నకి అదే ఇష్టం, ముప్పై ఏళ్లు పెట్టుకున్నా చేతికి ఉన్నట్టే తెలియదంటారు. 2010 నుంచి వచ్చినవాటికి గ్లైడ్‌లాక్ అని ఉంది, క్లాస్ప్ లోపల ఏ టూలూ లేకుండా 2 మిల్లీమీటర్ల చొప్పున లాగి వదులు చేసుకోవచ్చు, మొత్తం 20 మిల్లీమీటర్ల దాకా. ఇది డైవింగ్ సూట్ మీద పెట్టుకోవడానికి చేసిందేగానీ మన నెల్లూరు ఎండలకే ఎక్కువ పనికొస్తది, మే నెల్లో పొద్దున సరిగ్గా ఉన్న చైను మధ్యాహ్నానికి చెయ్యి ఉబ్బి బిగిసిపోద్ది, పాతదానికి అట్టా అయితే సూది లాంటిది పెట్టి పిన్ను మార్చాలి. అందుకే షాపులో రెండు నిమిషాలు పెట్టుకుని చూడటం కాదు, ఎవరిదైనా అడిగి ఒక పూట, ఎండలో తిరిగే పూట పెట్టుకుని చూడండి. పాతదాని చైను సాగిందో లేదో చూడాలంటే వాచీని అడ్డంగా పట్టుకోండి, చైను కిందికి ఎంత వేలాడితే అంత అరిగినట్టు.

బెజెల్ దగ్గర పాతవాళ్లకీ కొత్తవాళ్లకీ వాదన తెగదు. 16610కి అల్యూమినియం రింగు, ఎండకి రంగు వెలుస్తది, గీతలు పడతాయి, మార్చుకోవడం మాత్రం సులువు. కొత్తవాటికి సిరామిక్, అంకెల్లో ప్లాటినం పూత, గీత పడదు, రంగు మారదు, కాకపోతే గట్టి దెబ్బ తగిలితే పగిలే వస్తువు, పగిలితే ఖర్చు గట్టిగానే ఉంటది. రోజూ బైకు మీద, పనుల మీద తిరిగే మనిషికి సిరామిక్ నయం అని నా ఉద్దేశం, పాతికేళ్ల తర్వాత కూడా అదే నలుపు.

రాత్రి పూట ఒక పరీక్ష ఉంది, పిల్లలకి కూడా ఇష్టం ఇది. రెండిటికీ టార్చి వెలుతురు ఒక నిమిషం కొట్టి గదిలో లైటు తీసేయండి. బావది నీలంగా వెలిగి తెల్లవారుజామున కూడా ముళ్లు కనపడతాయి. పెదనాన్నది దాదాపు వెలగదు, ఎందుకంటే 1997-98 దాకా చీకట్లో వెలగడానికి ట్రిటియం అనే పదార్థం వాడేవాళ్లు, అది పన్నెండేళ్లకోసారి సగానికి తగ్గిపోద్ది. డయలు అడుగున "స్విస్ – టి<25" అని ఉంటే ట్రిటియం అన్నమాట. అది పాతబడి నెయ్యి రంగుకి తిరుగుతది, ఆ రంగు కోసమే డబ్బులు పెట్టేవాళ్లున్నారు. ఇక్కడ జాగ్రత్త: డయలు చుక్కలు నెయ్యి రంగులో ఉండి ముళ్లు తెల్లగా ఉంటే, లేదా 1995 వాచీ ఆకుపచ్చగా ధగధగా వెలుగుతుంటే, ఎప్పుడో సర్వీసులో మార్చారని అర్థం. అది తప్పు కాదు, కానీ ఒరిజినల్ అని చెప్పి ఆ రేటు అడిగితే ఇవ్వబాకండి.

మెషిన్ సంగతి. రెండిటికీ ఒకే రోజు క్రౌను (కేసు పక్కనుండే కీ తిప్పే బుడిపె) నలభై చుట్లు తిప్పి కీ ఇచ్చి, ఫోన్ టైముకి సరిచేసి బల్ల మీద పెట్టేయండి. 16610లో ఉండేది 3135 నంబర్ మెషిన్, ఒకసారి కీ ఇస్తే 48 గంటలు నడవాలి, పెదనాన్నది 44కి ఆగింది. బావదాంట్లో 3235, దానికి 70 గంటలు, శుక్రవారం సాయంత్రం తీసి పెడితే సోమవారం మధ్యాహ్నం కూడా నడుస్తానే ఉంది. టైము తేడా రోజూ ఒకే వేళకి రాసుకోండి, వారం పాటు. కొత్తవి రోజుకి రెండు సెకన్లు అటూ ఇటూ లోపలే ఉండాలని కంపెనీ లెక్క. పాతది రోజుకి ఏడు సెకన్లు ముందుకి పోయింది, అది మెషిన్ చెడ్డదని కాదు, ఎనిమిదేళ్లుగా సర్వీసు లేదు అంతే.

నీళ్ల మాట చివర్న చెప్తున్నా, ఎందుకంటే మన దగ్గర దీన్నే తేలిగ్గా తీసుకుంటారు. ఇందుకూరుపేట, విడవలూరు వైపు రొయ్యల గుంటల మీద పనిచేసేవాళ్లు, మైపాడు బీచ్‌కి పోయేవాళ్లు, డయలు మీద 300 మీటర్లు అని రాసుంది కదా అని పాతదాన్ని కూడా నేరుగా ఉప్పునీళ్లలో ముంచేస్తారు. ఆ అంకె కొత్తగా ఉన్నప్పటిది. క్రౌను లోపల, వెనక మూతకి ఉండే రబ్బర్ రింగులు గట్టిపడిపోతాయి, ప్రెషర్ టెస్ట్ (నీళ్లు లోపలికి పోతాయో లేదో చూసే పరీక్ష) చేయించే దాకా పాతదాన్ని చేతులు కడుక్కునేటప్పుడు కూడా తీసి పెట్టండి. కొత్తదైనా సరే క్రౌను పూర్తిగా బిగించిందో లేదో చూసుకుని దిగండి, ఇంటికొచ్చాక మంచినీళ్లతో కడగండి.

రోజూ పెట్టుకుని నీళ్లలో దిగి మర్చిపోవాలనుకునేవాళ్లకి 126610 అని చెప్తా. చేతికి తేలిగ్గా, సన్నగా కావాలి, ఓపిగ్గా చూసుకుంటా అనేవాళ్లకి పాలిష్ పడని 16610. 116610 లావు లగ్స్ నాకు నచ్చవుగానీ లావు మణికట్టు ఉన్నవాళ్లకి బాగుంటది, పెట్టుకుని చూడండి. పెదనాన్న వాచీ వచ్చే నెల చెన్నై తీసుకుపోతున్నా సర్వీసుకి, రసీదు మీద "కేసు పాలిష్ వద్దు, డయలు, ముళ్లు మార్చొద్దు" అని రాయించుకుని సంతకం పెట్టించుకున్నాకే ఇస్తా, మీరు పాతది ఎవరికి ఇచ్చినా అట్టాగే రాయించుకోండి.